పూత ఆరేదాకా

"అయితే దుప్పట్లన్నీ నా నెత్తి మీద ఆరేసుకోమంటారా?" అంది ఆమె.

ఆ మాట దాకా వచ్చేసరికి పొద్దుటి నుంచి చాలా మాటలే అయిపోయాయి. టీ గ్లాసుల దగ్గర మొదలైన గొడవ వంటింట్లోంచి పెరట్లోకి, పెరట్లోంచి షెడ్డులోకి నడిచొచ్చింది. అతను స్టూలెక్కి దండేలు విప్పుతున్నాడు. ఆమె కింద నిలబడి, విప్పిన తాడు చివర వదలకుండా పట్టుకుంది.

"వారమే కదే. వారం రోజులు ఎక్కడో ఒకచోట సర్దుకో."

"ఆ ఎక్కడో చెప్పండి. మేడ మీద వాన. వసారాలో అత్తయ్య మంచం."

"ఇంట్లో గదులు లేవా?"

"గదుల్లో మనుషులున్నారు."

వసారాలోంచి అత్తగారి గొంతు వినిపించింది. "మనుషుల్ని కూడా విప్పి మడిచి పక్కన పెట్టేయమ్మాయ్. వాడి బండికి చోటు కలిసొస్తుంది."

కూతురు కిసుక్కున నవ్వింది. అతను నవ్వలేదు. తాడు గట్టిగా లాగాడు. ఆమె చేతిలోంచి తాడు జారిపోయింది. జారుతూ జారుతూ పగిలిన వేళ్ళ మధ్య ఒరుసుకుంది. ఆమె చేయి వెనక్కి తీసుకుని చీర కుచ్చెళ్ళకు అద్దుకుంది. అక్కడితో ఆ పూట వాదన అయిపోయింది. షెడ్డు బండిదైంది.

ఆ షెడ్డు ఆమె పట్టుబట్టి వేయించుకున్నది. పైన రేకులు, మూడు వైపులా గోడ, నాలుగో వైపు లాగి మూసే తలుపు, కింద నున్నటి గచ్చు. వానాకాలంలో కూడా బట్ట ఆరాలని గోడ పైభాగంలో గాలికి సందులు వదిలించింది. రెండు వీధుల అవతలున్న లాడ్జి దుప్పట్లు, దిండు గలేబులు, తువ్వాళ్ళు అన్నీ ఆ షెడ్డులోనే ఆరేవి. మొదట్లో ఆమె మూట నెత్తిన పెట్టుకుని నడిచి తెచ్చేది. అందుకే వీధిలో అందరికీ ఆమె మూటలక్క. తర్వాత ఆటోలో తెచ్చింది. పెద్ద వాషింగ్ మెషీన్ వచ్చింది, ఇస్త్రీ బల్ల వచ్చింది. రోజూ మాసినవి వస్తాయి, రోజూ ఉతికినవి వెళ్తాయి. లాడ్జివాళ్ళు ఇంతవరకూ ఒక్క గలేబు వెనక్కి పంపలేదు. పంపలేదన్నది ఆమె ఎవరితోనూ అనదు గానీ, మూట కట్టి ముడి బిగించేటప్పుడు ఆమె మొహంలో కనిపిస్తుంది.

చిన్న ట్రక్కు కొందామని అతనన్నప్పుడు మూటల కోసమే కొందామన్నాడు. ఆటోవాడి కోసం గేటు దగ్గర పడిగాపులు ఉండవు, ఇంకో లాడ్జి పని కూడా పట్టుకోవచ్చు అన్నాడు. ఆమెకూ ఆ మాట నచ్చింది. ఆమె పని మీద వచ్చిన డబ్బే తీసి బండికి కట్టారు. నల్లనా నీలమా అని తేల్చుకోలేని రంగు బండి వీధిలోకి వచ్చి ఆగినప్పుడు ఆమె గబగబా వెళ్ళి వెనక తొట్టి లోతు చేత్తో కొలిచి చూసుకుంది. రెండు పెద్ద మూటలు పక్కపక్కన పడతాయి. అతను మాత్రం బండి చుట్టూ తిరుగుతూ, "చెయ్యి ఆనించకు, వేళ్ళ గుర్తులు పడతాయి" అన్నాడు.

ఆ రోజు అందరూ నవ్వుకున్నారు. కొత్త మోజులే అనుకున్నారు.

అతను పెళ్ళికి ముందు నుంచీ ఊరివాళ్ళ బండ్లు తోలినవాడు. బండి తిరిగొచ్చి ఆగగానే ఓనరు టార్చిలైటు పట్టుకుని చుట్టూ తిరిగేవాడు. ఎక్కడన్నా గీత కనపడితే దాని మీద గోరుతో టకటకా కొట్టి, "ఇదేంటి?" అనేవాడు. చెట్టుకొమ్మ గీసినా, పక్కబండి తగిలినా, అంతకుముందు నుంచే ఉన్నా సరే, జవాబు చెప్పాల్సింది డ్రైవరే. అలాంటి రోజుల్లో అతను ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా మెట్టు మీద కూర్చునేవాడు. ఆమె పక్కన కూర్చునేది. ఏం జరిగిందని అడిగేది కాదు. ఇప్పుడు సొంత బండి. దాని మీద ఎవరి గోరూ టకటకలాడకూడదని అతని పట్టుదల. అది ఆమెకు అర్థం కాక కాదు. అర్థమైనంత మాత్రాన దుప్పట్లు ఆరవు కదా.

సెరామిక్ కోటింగ్ అన్న మాట అతనికి ఫోనులో దొరికింది. చిన్న గాజుసీసాలో ద్రవం ఉంటుంది. దాన్ని రంగు మీద పల్చగా పూసి తుడిచేస్తే గాజుపొరలా గట్టిపడుతుంది. వాన నీళ్ళు జారిపోతాయి, దుమ్ము అంటదు, రంగు వెలవదు. షాపులో చేయించవచ్చు గానీ, పరాయి చేతులు తన బండిని తాకడం అతనికి ఇష్టం లేదు. మనమే చేసుకోవచ్చని వీడియోలు చెప్పాయి. దుమ్మూ నూగూ లేని మూసిన చోటు కావాలి, పూసిన తర్వాత వారం దాకా నీటిచుక్క పడకూడదు అని కూడా చెప్పాయి. అలాంటి చోటు ఇల్లంతటికీ ఒకటే ఉంది.

దండేలు పోయిన షెడ్డులో అతను రోజంతా బండి కడిగాడు. బంకలాంటి ముద్దొకటి తెచ్చి రంగు మీద తడితడిగా రుద్దాడు. చేత్తో తడిమితే తగలని మురికి కూడా దానికి అంటుకుంటుందట. కిటికీ అంచులకు టేపు వేశాడు. అత్తగారు కర్ర పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడి చూసింది.

"నువ్వు పుట్టినప్పుడు కూడా నిన్నింత మెత్తగా తుడవలేదురా నేను."

"అందుకే ఇలా తయారయ్యాను" అన్నాడతను. చాలా రోజుల తర్వాత ఇంట్లో అందరూ ఒకేసారి నవ్వారు. ఆమె కూడా నవ్వింది. పొద్దుటి గొడవ అంతటితో పోయిందనే అనుకుంది.

కోటింగ్ తెప్పించిన పెట్టెలో సీసాతో పాటు పల్చటి నల్ల గ్లవ్స్ డబ్బా ఒకటి వచ్చింది. ఆమె ఒక జత తీసుకుంది. బ్లీచింగ్ నీళ్ళలో నానీ నానీ ఆమె వేళ్ళు కణుపుల దగ్గర చీలిపోయి ఉన్నాయి. గ్లవ్స్ వేసుకోమని డాక్టరు చెప్పి చాలా కాలమైంది.

"అవి కోటింగ్‌కి తెప్పించినవే" అన్నాడతను, చక్రం మీంచి తల ఎత్తకుండానే. "నీళ్ళలో పెడితే ఊరికే చిరిగిపోతాయి."

అందులో కోపం లేదు. తిట్టూ కాదు. ఆమె గ్లవ్స్ తిరిగి డబ్బాలో పెట్టి మూత వేసింది.

అదే డబ్బా పక్కన తుడిచే గుడ్డల కట్ట ఉంది. దట్టంగా, కుచ్చుకుచ్చుగా ఉన్న పసుప్పచ్చ గుడ్డలు. వాటి గురించి అతను ఉదయం నుంచి ఇంట్లో కనిపించిన ప్రతివాళ్ళకీ చెబుతూనే ఉన్నాడు. గుడ్డ మెత్తగా ఉండాలి. గుడ్డ గరుకైతే బండి పోయినట్టే. ఎంత మెత్తగా ఉంటే అంత మంచిది. ఆమెకు తెలిసిన లోకంలో కొత్త గుడ్డ ఏదైనా ఉతక్కుండా వాడరు. గోదాములో ఎక్కడ పడుందో, ఎవరి చేతులు తగిలాయో. ఆ సాయంత్రం లాడ్జి బట్టలు అయ్యాక మెషీన్ ఒకసారి ఖాళీగా తిప్పి, లోపల పీచు లేకుండా తుడిచి, ఆ గుడ్డలొక్కటే వేసింది. ఆఖరి జాడింపులో దుప్పట్లకు వేసినట్టే సాఫ్ట్‌నర్ పోసింది. మెత్తగా ఉండాలన్నాడు కదా అని మామూలు కంటే ఇంకో మూత ఎక్కువే పోసింది. వసారాలో ఫ్యాను కింద ఆరబెట్టి, అంచులు కలిపి మడిచి, కట్ట మీద కట్ట పెట్టి ఉంచింది. బుగ్గకు ఆనించి చూసుకుంది. పసిపిల్ల ఒళ్ళులా ఉన్నాయి.

మర్నాడు అతను షెడ్డు తలుపు మూసుకుని పూత మొదలుపెట్టాడు. కూతురు లైటు పట్టుకుంది. చిన్న స్పాంజి బిళ్ళకు గుడ్డ చుట్టి, దాని మీద నాలుగు చుక్కలు వేసి, బానెట్ మీద కొంచెం మేర అడ్డంగా, మళ్ళీ నిలువుగా పూయాలి. పూసిన చోట నూనె తేలిన నీళ్ళ మీదలాగా రంగురంగుల మెరుపు వస్తుంది. రాగానే తుడిచెయ్యాలి. ఆలస్యమైతే అక్కడే గట్టిపడిపోతుంది.

మెరుపు వచ్చింది. అతను తుడిచాడు. గుడ్డ జారింది. పీల్చాల్సిన ద్రవాన్ని పీల్చకుండా అటూ ఇటూ జరిపింది. ఇంకో గుడ్డ తీశాడు. అదీ అంతే. తన చేయే సరిగ్గా తిరగలేదనుకుని గట్టిగా రుద్దాడు, తర్వాతి భాగం పూశాడు, మళ్ళీ రుద్దాడు. మధ్యాహ్నానికి బండి ముందు భాగమంతా పూత పూసుకుంది. లైటు ఏటవాలుగా పట్టి చూస్తే బానెట్ మీద ఎవరో నాలుకతో నాకినట్టు చారలు.

అతను గుడ్డ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"ఇవి ఎవరుతికారు?"

వంటింట్లో ఉన్న ఆమెకు ఆ గొంతు వినగానే ఏదో అయిందని అర్థమైంది. తడి చేతులతోనే వచ్చింది. "నేనే. మెత్తగా ఉండాలన్నారు కదా అని సాఫ్ట్‌నర్‌లో..."

"సాఫ్ట్‌నర్!" అతను గుడ్డ నేలకేసి కొట్టాడు. ఫోను తీసి ఏదో వెతికాడు, చదివాడు. "ఇదిగో, రాసుంది. సాఫ్ట్‌నర్ తగలకూడదని రాసుంది. పోగులకు పట్టేసి గుడ్డ పీల్చదట. చారలు పడతాయట. చదవక్కర్లేదా? అడగక్కర్లేదా?"

"మీరు చెప్పలేదు."

"నేను గుడ్డలు ఉతకమన్నానా? నీకు తెలిసిందల్లా సబ్బూ నీళ్ళూనే. లోకంలో ఏది కనపడినా ముంచి తియ్యడమేనా?" అతని గొంతు పెరిగింది. "నీ మురికి పని తెచ్చి నా బండికి అంటించావు."

కూతురు లైటు ఆర్పేసింది. అత్తగారు వసారాలో దగ్గు వచ్చినా దగ్గకుండా ఆపుకుంది. ఆ మురికి పనే ఈ బండిని ఇంటికి తెచ్చిందని ఆమె అనలేదు. అనకపోయినా అందరికీ వినిపించింది. అతనికీ వినిపించింది. అందుకే కాబోలు, మొహం తిప్పుకుని టేపు ముక్కలు పీకడం మొదలుపెట్టాడు.

ఆమె ఆ పసుప్పచ్చ గుడ్డలన్నీ ఏరి తీసుకెళ్ళింది. ఏం చెయ్యాలో తోచక మళ్ళీ ఉతికింది, ఈసారి ఉత్త నీళ్ళలో.

తర్వాత వాన వదలకుండా పట్టుకుంది. పగలంతా ముసురు, సాయంత్రానికి జల్లు. ఇంట్లో దుప్పటి లేని చోటు లేకుండా పోయింది. తలుపుల మీద, కిటికీ ఊచల మీద, కుర్చీల వీపుల మీద, అటక అంచు నుంచి మేకు దాకా కట్టిన తాళ్ళ మీద. అటూ ఇటూ నడవాలంటే వంగి నడవాలి. కూతురు పుస్తకం పట్టుకుని తడి తువ్వాళ్ళ కింద కూర్చుని చదువుకుంది.

"మనం టెంటులో బతుకుతున్నాం నాన్నమ్మా."

"టెంటులోనైతే కింద పొడిగా ఉంటుందే" అంది ముసలావిడ. ఆవిడ మోకాళ్ళకు చెమ్మ పడదు. పడదని రెండుసార్లు అంది, తర్వాత అనడం మానేసి రగ్గు కప్పుకుని పడుకుంది.

ఆమె సగం ఆరినవాటిని ఇస్త్రీతో ఆరబెట్టింది. ఆవిరి మొహానికి కొట్టింది. పైకి పొడిగా ఉన్నట్టే ఉంటాయి. మడత పెట్టాక లోపలి చెమ్మ మడతలోనే ఉండిపోతుంది. అది ఆమెకు తెలుసు. తెలిసి మూట కట్టడం ఆమెకు అదే మొదలు. ముడి బిగిస్తుంటే చేతులు సాగలేదు.

వారం తిరిగింది. బండి బయటికి రాలేదు. చారలు పోవాలంటే గట్టిపడిన పూతనంతా అరగదీసి, మళ్ళీ కొత్తగా పూయాలన్నాడు. కొత్త సీసా వచ్చింది. ఈసారి దానితో వచ్చిన గుడ్డల కట్టను బీరువాలో పెట్టి తాళం వేసుకున్నాడు. తాళంచెవి జేబులో వేసుకుంటున్నప్పుడు ఆమె చూస్తూనే ఉంది. అతను ఆమె చూడడం చూశాడు.

ఆ వారంలోనే లాడ్జి నుంచి ఒక మూట వెనక్కి వచ్చింది. ఆటోవాడు గేటులో దించి, "ఇవి మళ్ళీ ఉతకమన్నారక్కా" అని వెళ్ళిపోయాడు. ముడి విప్పితే ముక్కిన వాసన గుప్పుమంది. తెల్ల దుప్పటి మడతల్లో బూజు నలుసులు నల్లగా, మిరియాలు చల్లినట్టు. ఆమె మూట పక్కనే గచ్చు మీద కూర్చుండిపోయింది.

షెడ్డులోంచి పాలిష్ మెషీన్ చప్పుడు వస్తోంది. ఆమె లేచి వెళ్ళి తలుపు సందులోంచి చూసింది. అతను మెషీన్ ఆపి, టార్చిలైటు పట్టుకుని, వంగి, బండి చుట్టూ తిరుగుతున్నాడు. బండి తలుపు దగ్గర ఆగాడు. ఒకచోట గోరుతో టకటకా కొట్టి, ఇంకా దగ్గరికి వంగి చూశాడు. ఆమె చప్పుడు చెయ్యకుండా వెనక్కి వచ్చేసింది. వెనక్కి వచ్చిన మూటను బ్లీచింగ్‌లో నానబెట్టింది.

ఎట్టకేలకు ఒక ఉదయం ఎండ వచ్చింది, బండీ బయటికొచ్చింది. నిజం చెప్పాలంటే బాగుంది. వీధి వీధంతా దాని తలుపుల్లో కనిపించింది. పక్కింటివాళ్ళు వచ్చి చూసి మెచ్చుకున్నారు. అతను మగ్గుతో నీళ్ళు పోసి చూపించాడు. నీళ్ళు ముత్యాల్లా దొర్లి కిందికి జారిపోయాయి. అతని మొహంలో అంత సంతోషం ఆమె చూసి ఎన్నాళ్ళయిందో. ఆ సంతోషం చూశాక, మనసులో ఉన్న మాటలన్నీ మింగేద్దామని ఆమెకు నిజంగానే అనిపించింది. లోపలికెళ్ళి రెండు మూటలు ఈడ్చుకొచ్చింది.

"పదండి, లాడ్జికి వెళ్ళొద్దాం. మొదటిసారి కదా, నేనూ వస్తాను."

అతను మూటల వంక చూశాడు. "ఇవి శుభ్రమైనవేగా?"

"ఉతికినవే."

"సరే. వచ్చేటప్పుడో?"

"వచ్చేటప్పుడు మాసినవి వస్తాయి. మాసినవి కాకపోతే మనకెందుకిస్తారు?"

అతను తొట్టి అంచు మీద లేని దుమ్మును చేత్తో దులిపాడు. "అవి తడిగా ఉంటాయి. బ్లీచింగ్ మరకలు, ఎంగిళ్ళు, ఏమేమో ఉంటాయి. పూత ఇంకా పూర్తిగా గట్టిపడలేదే. కొన్నాళ్ళు ఆటోలో తెచ్చుకో. ఫర్నిచర్ షాపాయన సరుకు వేస్తానంటున్నాడు. అన్నీ అట్టపెట్టెల్లో వస్తాయి, శుభ్రంగా ఉంటాయి."

"బండి మూటల కోసమన్నారు."

"మూటల కోసమే. కాదన్నానా? కొన్నాళ్ళు ఆగమంటున్నాను."

ఆమె ఆటో పిలిచింది. మూటలు ఎక్కించడానికి అతనే సాయం చేశాడు, చాలా జాగ్రత్తగా, ఆటో కమ్మీ ఎక్కడా తన బండికి తగలకుండా అడ్డం నిలబడి మరీ.

లాడ్జి వెనక గుమ్మంలో బట్టలు లెక్క చూసుకునే సూపర్వైజరమ్మ మూట విప్పి, ఒక దుప్పటి ముక్కు దగ్గర పెట్టుకుంది. ఇంతకుముందు ఎప్పుడూ ఆవిడ అలా చెయ్యలేదు.

"ఇవి బాగానే ఉన్నాయి" అంది. ఆ తర్వాత గొంతు తగ్గించి, "అక్కా, నీకు ముందే చెప్పడం నయం. మావాళ్ళు ఇక్కడే మెషీన్లు పెట్టేస్తున్నారు, ఆరబెట్టే మెషీన్‌తో సహా. ఎప్పటినుంచో అనుకుంటున్నదే గానీ, మొన్నటి మూటతో తేల్చేశారు" అంది.

"ఒక్క మూటే కదండీ."

"తెలుసు. నేను చెప్పి చూశాను. గెస్టు ఒకాయన కిందికొచ్చి అరిచి వెళ్ళాడు." ఆవిడ దుప్పటి మడిచి మూటలో పెట్టింది. "మెషీన్ల మీద పని తెలిసిన మనిషి కావాలి. నిన్ను ఇదివరకు కూడా అడిగాను. మీ ఆయనకి ఇష్టం లేదన్నావు."

ఇదివరకు అడిగినప్పుడు అతను, "సొంత పని వదిలి ఒకరి కింద నిలబడతావా? నేను నిలబడ్డది చాల్లేదా?" అన్నాడు. ఆ మాట ఆమెకు అప్పుడు ఎంతో నచ్చింది. మర్నాడు ముడులు ఇంకా గట్టిగా బిగించి మూటలు పంపింది.

"యూనిఫారం వేసుకోవాలా?" అని అడిగింది.

"పైన కోటు ఒకటి ఇస్తారు. మెషీన్లు రేపే బిగిస్తున్నారు. వేళకి రావాలి, వేళకి వెళ్ళాలి. వాళ్ళు చెప్పినట్టు చెయ్యాలి, అంతే."

ఆమె లోపలికి తొంగి చూసింది. గోడ పక్కన ఇంకా అట్టపెట్టెలు విప్పని మెషీన్లు వరసగా ఉన్నాయి. కిటికీ లేని గది. ట్యూబులైటు పగలే వెలుగుతోంది. తిరిగి వెళ్ళేటప్పుడు ఆమె ఆటోలో మాసిన మూటలు లేవు.

సాయంత్రం ఆమె మెషీన్ తొట్టి తుడిచి, పైపు విప్పి నీళ్ళు కార్చేసి, పైన గుడ్డ కప్పింది. ఇల్లంతా తిరిగి మేకులకు కట్టిన తాళ్ళు విప్పింది. అన్నాల వేళకి అందరూ నిటారుగా నడిచి వచ్చి కూర్చున్నారు. ఇంట్లో ఏదో తక్కువైనట్టు కూతురు అటూ ఇటూ చూసింది గానీ, అదేమిటో పట్టుకోలేకపోయింది. అతను హుషారుగా ఉన్నాడు. పక్కవీధివాళ్ళు కూడా వచ్చి బండి చూసి వెళ్ళారని, ఒకాయన తన కారుకి కూడా పూత వేసిపెట్టమన్నాడని చెబుతున్నాడు.

"నేర్చుకున్నాక ఏముంది, ఓపిక ఉండాలంతే" అన్నాడు.

ఆమె అందరికీ వడ్డించింది. అత్తగారి కంచం దగ్గరికి జరిపింది. తనూ వడ్డించుకుని కూర్చుంది. అతని మాట పూర్తయ్యేదాకా ఆగింది.

"రేపట్నుంచి నేను లాడ్జిలో పనికి వెళ్తున్నాను" అంది. "అక్కడే మెషీన్లు పెడుతున్నారు. ఇంక మూటలు ఇంటికి రావు. పొద్దున్నే వెళ్ళాలి. అత్తయ్యా, మీ కాఫీ ఫ్లాస్కులో పోసి వెళ్తాను."